ఈ డివిడెండు ఏ గాదెలోంచి వచ్చింది? పెట్టుబడి కంపెనీల మిగులును చదివే పద్ధతి

కందుకూరులో ఉండే మా లెక్కల మాస్టారు ఈ మధ్య ఒక ఆదివారం పొద్దున్నే ఫోను చేశారు. ఆయన రిటైరై తొమ్మిదేళ్లయింది. పింఛనుకు తోడుగా అప్పుడప్పుడూ డివిడెండు వస్తుందని ఎవరో చెబితే ఒక ఈక్విటీ ఫండులో ఎనభై వేలు పెట్టారు.

“నాయనా, బ్యాంకులో పది వేలు పడ్డాయని సంతోషించాను. తీరా స్టేట్‌మెంటు చూస్తే ఆ పది వేలను రెండు వరసలుగా విడదీశారు. పైన ఆదాయ పంపిణీ రెండున్నర వేలు, కింద మూలధన పంపిణీ ఏడున్నర వేలు. నా అసలు నాకే తిరిగి ఇచ్చి దాన్ని డివిడెండు అనడం ఏమిటి?”

నలభై ఏళ్లు పిల్లలకు లెక్కలు చెప్పిన మనిషిని కూడా ఆ రెండు వరసలు తికమక పెట్టాయి. ఆ వారమే నెల్లూరు నుంచి బస్సెక్కి వెళ్లి, ఆయన అరుగు మీద కూర్చుని, కాగితాలన్నీ ముందేసుకున్నాం. అమెరికాలో ఉన్న ఆయన అల్లుడు, లండన్‌లో ఉన్న కొడుకు కూడా తమ దగ్గరున్న ఫండ్ల నివేదికలు పంపారు. ఆ రోజు మేము నడిచిన దారినే ఇక్కడ మెట్టు మెట్టుగా రాస్తున్నాను.

ముందుగా మూడు గాదెలు

ఇతర కంపెనీల షేర్లు, బాండ్లు కొని ఉంచుకోవడమే పెట్టుబడి కంపెనీ వ్యాపారం. వాటి మీద డివిడెండ్లు, వడ్డీ వస్తాయి. ఖర్చులు పోగా మిగిలింది ఆ ఏటి ఆదాయం. వాటాదారుడికి వచ్చే ప్రతి రూపాయీ మూడు చోట్లలో ఏదో ఒక దాని నుంచి రావాలి. ఈ ఏటి పంట ఒకటి. గత ఏళ్లలో పంచకుండా మిగిల్చి ముందుకు తెచ్చుకున్న నిల్వ రెండోది. మూడోది విత్తనాల వడ్లు, అంటే అసలు.

మాస్టారి తమ్ముడు పొగాకు రైతు. వేలంలో మంచి ధర పలికిన ఏడాది వచ్చినదంతా ఖర్చు పెట్టకుండా కొంత పక్కన పెడతారు. ధర పడిపోయిన ఏడాది ఆ డబ్బుతోనే ఇల్లు నడుస్తుంది. రెండో గాదె చేసే పని అదే. కానీ విత్తనాలు దంచుకుని తింటే ఈ పూట గడుస్తుంది, వచ్చే కారుకు నారు పోయడానికి ఏమీ ఉండదు. ఈ మూడింటిలోంచి వచ్చిన డబ్బూ బ్యాంకు ఖాతాలో ఒకేలా కనిపిస్తుంది. అసలు చిక్కంతా ఇక్కడే ఉంది.

మొదటి మెట్టు: అది ఏ చట్టం కింద నడుస్తోందో తేల్చుకోండి

ఎంత పంచాలి, ఎంత దాచుకోవచ్చు అనేది మేనేజరు ఇష్టం కంటే ముందు చట్టం చేతిలో ఉంటుంది. చేతిలో ఉన్నది భారతీయ మ్యూచువల్ ఫండా, మన షేరు మార్కెట్లో నమోదైన పెట్టుబడి కంపెనీయా, లండన్ ఇన్వెస్ట్‌మెంట్ ట్రస్టా, అమెరికా క్లోజ్డ్ ఎండ్ ఫండా (షేర్ల సంఖ్య నిర్ణీతంగా ఉండి, అవి మార్కెట్లో చేతులు మారే ఫండు) అన్నది ముందు రాసుకోండి. నాలుగింటికీ నాలుగు దారులు. నిల్వ అన్న మాట సూటిగా, తేటగా కనిపించేది లండన్ ట్రస్టుల్లో. అందుకే మాస్టారి కొడుకు పంపిన నివేదికతో మొదలుపెట్టాం.

రెండో మెట్టు: లండన్ ట్రస్టులో ‘రెవెన్యూ రిజర్వు’ వరస పట్టుకోండి

ఈ ట్రస్టులు లండన్ షేరు మార్కెట్లో నమోదైన పెట్టుబడి కంపెనీలే, చాలా పాతవి. మొదటిదైన ఫారిన్ అండ్ కలోనియల్ 1868లో పుట్టింది. అక్కడి చట్టం ప్రకారం ఇన్వెస్ట్‌మెంట్ ట్రస్టు ఏడాది ఆదాయంలో 15 శాతానికి మించి అట్టిపెట్టుకోకూడదు. ఆ 15 శాతం లోపు దాచుకున్నది ఏటేటా పేరుకుని రెవెన్యూ రిజర్వు అవుతుంది. అదే దేశంలో మన మ్యూచువల్ ఫండ్ల లాంటి యూనిట్ ట్రస్టులకు ఈ వెసులుబాటు లేదు, వచ్చిన ఆదాయమంతా పంచాల్సిందే.

ఈ తేడా విలువ 2020లో కనబడింది. కోవిడ్ దెబ్బకు బ్రిటిష్ బ్యాంకులు డివిడెండ్లు ఆపేశాయి. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత తొలిసారిగా షెల్ తన డివిడెండును తగ్గించింది. పైనుంచి వచ్చే నీరు సన్నబడినా చాలా ట్రస్టులు నిల్వలోంచి తీసి తమ వాటాదారులకు మామూలుగానే పంచాయి. సిటీ ఆఫ్ లండన్ అనే ట్రస్టు 1966 నుంచి ఏటా డివిడెండు పెంచుతూ వస్తోంది, కోవిడ్ ఏడాది కూడా ఆ వరస తప్పలేదు. మా సోమశిల జలాశయం నిండితే 78 టీఎంసీలు. పెన్నకు వరద రాని ఏడాది డెల్టా మడులకు నీరు అందేది ఆ నిల్వ నుంచే కదా. నెల్లూరు రైతు పేపరు తెరవగానే సోమశిల నీటిమట్టం చూస్తాడు. డివిడెండు మీద ఆధారపడిన వాళ్లు అదే శ్రద్ధతో ఈ వరసను చూడాలి.

వార్షిక నివేదికలో ‘స్టేట్‌మెంట్ ఆఫ్ చేంజెస్ ఇన్ ఈక్విటీ’ అనే పట్టిక ఉంటుంది. అందులో షేరు మూలధనం, షేరు ప్రీమియం, క్యాపిటల్ రిజర్వు, రెవెన్యూ రిజర్వు అని నిలువు గడులు. మీకు కావాల్సింది చివరిది. లెక్క కోసం ఒక ఊహా ట్రస్టును తీసుకుందాం. షేర్లు 5 కోట్లు. ఏడాది మొదట్లో నిల్వ 80 లక్షల పౌండ్లు. ఆ ఏడాది ఆదాయం 60 లక్షలు. చెల్లించిన డివిడెండు 54 లక్షలు. చివరికి మిగిలిన నిల్వ 86 లక్షలు.

మూడో మెట్టు: ఒక్కో షేరుకు ఎంతో కట్టండి, కానీ ఒక ఉచ్చు తప్పించుకోండి

86 లక్షల పౌండ్లను 5 కోట్ల షేర్లకు పంచితే షేరుకు 17.2 పెన్సులు. ఏడాది డివిడెండు షేరుకు 10.8 పెన్సులు. 17.2ను 10.8తో భాగిస్తే దాదాపు 1.6. అంటే పైసా ఆదాయం రాకపోయినా ఏడాదిన్నరకు పైగా ఇదే డివిడెండు ఇవ్వగలదు అనిపిస్తుంది.

మాస్టారు ఇక్కడే ఆగి, కొడుకు పంపిన నివేదిక చూపిస్తూ, “ఈ పట్టీ మార్చి 31 నాటిది. ఆఖరి డివిడెండు జులైలో ఇస్తారని ముందు పేజీలో ఉంది. మరి అది ఇందులో తీసేశారా?” అన్నారు.

తీసెయ్యరు. ఏడాది ముగిశాక ఆమోదం పొందే ఆఖరి విడత డివిడెండు ఆ ఏటి పట్టీలో అప్పుగా నమోదు కాదు. నిల్వలో ఉన్నట్టు కనిపించే దానిలో కొంత అప్పటికే ఇస్తామని చెప్పేసిన సొమ్ము. మన ఊహా ట్రస్టులో ఆ విడత షేరుకు 3 పెన్సులు అనుకుంటే, 15 లక్షలు తీసెయ్యాలి. మిగిలేది 71 లక్షలు, షేరుకు 14.2 పెన్సులు. ఇప్పుడు భాగిస్తే 1.3. ఏడాదిన్నర పైమాట అనుకున్నది పదహారు నెలలకు దిగింది. చాలామంది తప్పు లెక్క వేసేది ఇక్కడే. నివేదికలో ‘డివిడెండ్స్’ అనే నోటు వెతికి, పట్టీ తేదీ తర్వాత చెల్లించేది ఎంతో చూసి, తీసేసిన తర్వాతే భాగహారం చెయ్యండి.

పదహారు నెలలు అనగానే కంగారు పడనక్కర్లేదు. ఆదాయం పూర్తిగా ఎండిపోయిన ఏడాది దాదాపు ఉండదు. కరవు ఏడాది 60 లక్షలు కాస్తా 40 లక్షలకు పడిపోయిందనుకోండి. 54 లక్షల డివిడెండు ఇవ్వడానికి 14 లక్షలే నిల్వలోంచి తీయాలి. 71 లక్షల నిల్వ అలా ఐదేళ్లు వస్తుంది. నా మటుకు నాకు ‘ఎన్ని నెలల డివిడెండు’ అన్న లెక్క కంటే ‘ఆదాయం మూడో వంతు తగ్గితే ఎన్నేళ్లు’ అన్న లెక్కే ఎక్కువ పనికొస్తుంది.

నాలుగో మెట్టు: ఐదేళ్ల వరస చూడండి

ఒక్క ఏడాది అంకె ఏమీ చెప్పదు. ఐదేళ్ల నివేదికలు దించుకుని ఏటా నాలుగు అంకెలు రాయండి: షేరుకు ఆదాయం, షేరుకు డివిడెండు, నిల్వ మొత్తం, షేర్ల సంఖ్య. డివిడెండు ఆదాయాన్ని మించి వరుసగా మూడేళ్లు నడిస్తే గాదె అడుగు కనిపించే రోజు దగ్గరలో ఉన్నట్టు.

షేర్ల సంఖ్య ఎందుకంటే, కొత్త షేర్లు అమ్మితే పాత నిల్వ ఎక్కువ మందికి పలచబడుతుంది. నిల్వ 71 లక్షలే ఉన్నా షేర్లు 5 కోట్ల నుంచి 6 కోట్లయితే షేరుకు 14.2 కాస్తా 11.8 అవుతుంది. ట్రస్టు బాగా పేరు తెచ్చుకున్న ఏళ్లలోనే ఇది జరుగుతుంది కాబట్టి ఎవరి దృష్టికీ రాదు.

2012 నుంచి ఇంకో మార్పు వచ్చింది. షేర్లు అమ్మి గడించిన లాభాన్ని కూడా డివిడెండుగా పంచడానికి బ్రిటిష్ ట్రస్టులకు అనుమతి ఇచ్చారు. కొన్ని ట్రస్టులు ఏటా నికర ఆస్తి విలువలో ఇంత శాతం అని ముందే చెప్పి పంచుతున్నాయి. వాటిలో రెవెన్యూ రిజర్వు సున్నా ఉన్నా డివిడెండు ఆగదు. అది తప్పేమీ కాదు, దాచిపెట్టడమూ లేదు. కాకపోతే మార్కెట్టు పడినప్పుడు డివిడెండు కూడా దానితో పాటే తగ్గుతుందని తెలిసి కొనాలి.

ఐదో మెట్టు: నిల్వ అంటే పెట్టెలో పెట్టిన నోట్లు కావు

ఇది అర్థం కావడానికి మాస్టారికి కూడా రెండు సార్లు చెప్పాల్సి వచ్చింది. రెవెన్యూ రిజర్వు అంటే ఆ డబ్బు బ్యాంకులో విడిగా ఉందని కాదు. దాన్ని కూడా ఎప్పుడో షేర్లలోనే పెట్టి ఉంటారు. నిల్వ అనేది ‘ఇంతవరకు పంచే హక్కు ఉంది’ అని చెప్పే పద్దు. తీసి ఇవ్వాలంటే మేనేజరు చేతిలో ఉన్న నగదో, అమ్మిన షేర్ల డబ్బో, తెచ్చిన అప్పో కావాలి. ఇచ్చిన మేరకు ట్రస్టు ఆస్తి విలువ తగ్గుతుంది. షేరు ధరలో నిల్వ విలువ ఇప్పటికే కలిసి ఉంటుంది కాబట్టి, పెద్ద నిల్వ ఉన్న ట్రస్టు కొంటే ఉచితంగా ఏదో వస్తుందని అనుకోకండి. మనకు దక్కేది నిలకడ.

ఆరో మెట్టు: అల్లుడి అమెరికా ఫండు

అక్కడ చట్టం దాచుకోవడాన్ని ఇష్టపడదు. పన్ను వేసే ఆదాయంలో కనీసం 90 శాతం పంచకపోతే కంపెనీ పన్ను మినహాయింపు పోతుంది. అది దాటినా, క్యాలెండరు ఏడాదిలో మామూలు ఆదాయంలో 98 శాతం, మూలధన లాభాల్లో 98.2 శాతం పంచకపోతే తక్కువ పడిన మొత్తం మీద 4 శాతం ఎక్సైజు పన్ను. చిన్న సంస్థలకు అప్పులిచ్చే బీడీసీలలో కొన్ని ఆ 4 శాతం కట్టి మరీ కొంత ఆదాయాన్ని వచ్చే ఏటికి తీసుకెళతాయి. దాన్ని వాళ్లు స్పిల్ ఓవర్ అంటారు. చెరువు నిండి అలుగు మీదుగా కింది చెరువుకు పారే నీరు అనుకోండి. అయితే ఆ నీటిని కింద ఎక్కువ కాలం ఆపడానికి వీల్లేదు. ఏడాది ముగిసిన తర్వాత పన్నెండు నెలల్లోపు పంచెయ్యాలి.

క్లోజ్డ్ ఎండ్ ఫండ్లలో చూడాల్సిన అంకె యూఎన్ఐఐ, అంటే పంచకుండా మిగిలిన నికర పెట్టుబడి ఆదాయం. 2018 చివరి నుంచి నియమాలు మారి, ఆస్తి అప్పుల పట్టీలో దీన్ని విడిగా చూపాల్సిన అవసరం పోయింది. ‘మొత్తం పంచదగిన ఆదాయం’ అని ఒకే ముద్దగా చూపుతున్నారు. అందుకని నోట్లలో పన్ను లెక్కల భాగం చూడండి, లేదా ఫండు సంస్థ విడిగా ఇచ్చే యూఎన్ఐఐ పట్టిక చూడండి. అది మైనస్‌లో ఉండి, నెలనెలా ఇంకా కిందికి దిగుతుంటే డివిడెండు కోత దగ్గరలో ఉందని అనుమానించాలి.

ఇంకో కాగితం ఉంది. 1940 నాటి ఇన్వెస్ట్‌మెంట్ కంపెనీ చట్టంలోని 19(ఎ) సెక్షన్ ప్రకారం, నికర ఆదాయం కాకుండా వేరే చోటి నుంచి డబ్బు పంచితే వాటాదారుకు నోటీసు ఇవ్వాలి. అల్లుడి ఈమెయిల్లో ఆ నోటీసులు ఏడు, తెరవకుండా అలాగే ఉన్నాయి.

ఏడో మెట్టు: మన దేశపు పెట్టుబడి కంపెనీ

ఇక్కడ పునాది 2013 కంపెనీల చట్టంలోని 123వ సెక్షన్. ఈ ఏటి లాభంలోంచి గానీ, గత ఏళ్లలో పంచని లాభాల్లోంచి గానీ డివిడెండు ఇవ్వవచ్చు. లాభం చాలని ఏడాది స్వేచ్ఛా నిల్వల్లోంచి (డివిడెండుగా పంచడానికి వీలున్న నిల్వలు) తీయాలంటే 2014 నిబంధనలు పగ్గం వేస్తాయి. డివిడెండు రేటు గత మూడేళ్ల సగటు దాటకూడదు. తీసేది చెల్లించిన మూలధనం, స్వేచ్ఛా నిల్వల మొత్తంలో పదో వంతు మించకూడదు. తీశాక మిగిలే నిల్వలు చెల్లించిన మూలధనంలో 15 శాతం కంటే తగ్గకూడదు.

ఎన్‌బీఎఫ్‌సీగా, అంటే బ్యాంకు కాని ఆర్థిక సంస్థగా నమోదైన కంపెనీ అయితే రిజర్వు బ్యాంకు చట్టం ప్రకారం నికర లాభంలో ఏటా కనీసం 20 శాతం ఒక ప్రత్యేక నిల్వకు మళ్లించాలి. అది పంచడానికి కాదు. ‘ఇతర సమగ్ర ఆదాయం’ కింద వేల కోట్లు కనిపించినా ఆశపడకండి. చేతిలో ఉన్న షేర్ల ధర పెరగడం వల్ల కాగితం మీద పెరిగిన విలువ అది. అమ్మనంత వరకు పంచడానికి చట్టం ఒప్పుకోదు. కాబట్టి ‘ఇతర ఈక్విటీ’ నోటు తెరిచి, నిల్వలన్నింటినీ కలిపిన మొత్తాన్ని వదిలేసి, ‘రిటైన్డ్ ఎర్నింగ్స్’, ‘జనరల్ రిజర్వు’ అన్న రెండు వరసలే రాసుకోండి.

ఎనిమిదో మెట్టు: మాస్టారి రెండు వరసలు

ఇక అసలు ప్రశ్నకు వద్దాం. మ్యూచువల్ ఫండ్లలో ‘డివిడెండు ఆప్షను’ అన్న పేరు 2021 ఏప్రిల్ 1 నుంచి లేదు. మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ దాన్ని తీసేసి ఐడీసీడబ్ల్యూ అని మార్చింది. ఆదాయ పంపిణీతో పాటు మూలధనం వెనక్కి తీసుకోవడం అని దాని అర్థం. పేరు పలకడానికి కష్టంగా ఉన్నా నిజం చెబుతోంది కాబట్టి ఈ మార్పు నాకు చాలా నచ్చింది. దురదృష్టం ఏమిటంటే, అమ్మే వాళ్ల నోట్లో ఇంకా డివిడెండు అనే మాటే ఉంది. మాస్టారికి ఫండు అంటగట్టిన ఏజెంటు కూడా ‘వచ్చే వారం డివిడెండు ఉంది, ఇప్పుడే కొంటే మీకూ వస్తుంది’ అని తొందరపెట్టారట.

మాస్టారు 16 రూపాయల ఎన్ఏవీ (ఒక్కో యూనిట్ నికర ఆస్తి విలువ) దగ్గర 5,000 యూనిట్లు కొన్నారు. మొత్తం 80,000. యూనిట్ ముఖ విలువ 10 రూపాయలు. పైనున్న 6 రూపాయల్లో, ఫండు అప్పటికే షేర్లు అమ్మి గడించిన లాభానికి సమానమైన భాగం ‘ఈక్వలైజేషన్ రిజర్వు’ అనే ఖాతాలోకి పోతుంది. పాతవాళ్లకూ కొత్తవాళ్లకూ యూనిట్‌కు ఒకే మొత్తం పంచాలంటే కొత్తగా చేరినవాళ్లు తమ వంతు ముందే వేయాలి. అందుకోసం పెట్టిన ఖాతా ఇది. పందిట్లోకి ఆలస్యంగా వచ్చిన బంధువు తన వంతు బియ్యం తానే తెచ్చి వంటవాళ్లకు ఇచ్చి, ఆ అన్నమే తాను తిన్నట్టు.

పంపిణీ నాటికి ఎన్ఏవీ 16.50. యూనిట్‌కు 2 రూపాయలు ఇచ్చారు. ఎన్ఏవీ 14.50కి దిగింది. ఆయన పెట్టుబడి మీద పెరిగింది యూనిట్‌కు 50 పైసలే, అంటే 2,500 రూపాయలు. మిగిలిన రూపాయిన్నర, అంటే 7,500 రూపాయలు, ఆయన చేతి నుంచి వెళ్లి ఆయన చేతికే వచ్చింది. స్టేట్‌మెంటులోని రెండు వరసలు చెబుతున్నది ఇదే. ఇలా విడదీసి చూపమని సెబీ ఆదేశించకపోతే మాస్టారికి అనుమానమే వచ్చేది కాదు.

పన్ను దగ్గర నొప్పి ఇంకా ఎక్కువ. అందులో ఏడున్నర వేలు తన అసలే అయినా, మొత్తం పది వేలూ ఆదాయంగానే లెక్కకొస్తుంది, ఆయన శ్లాబు ప్రకారం పన్ను పడుతుంది. ఒక ఫండు సంస్థ నుంచి ఏడాదికి 10,000 దాటితే 10 శాతం ముందే కోస్తారు. 2025 ఏప్రిల్‌కు ముందు ఈ హద్దు 5,000 ఉండేది. కోత పడలేదంటే పన్ను లేదని కాదు.

కొనే ముందు చూసుకోవాల్సినవి ఇవి: పంపిణీ ప్రకటన వచ్చాక రికార్డు తేదీకి (ఆ రోజున యూనిట్లు ఉన్నవాళ్లకే పంపిణీ దక్కుతుంది) ముందు ఆ ఫండు కొత్తగా కొనకండి. ఫండు వార్షిక నివేదికలో అమ్మి గడించిన లాభం ఎంత, కాగితం మీది లాభం ఎంత అని విడిగా ఉంటాయి, రెండోది పంచడానికి పనికిరాదు. గత మూడేళ్లలో ప్రతి పంపిణీకి ముందూ వెనకా ఎన్ఏవీ ఎంత ఉందో ఒక కాగితం మీద రాస్తే, ఫండు పెరిగిన దానిలోంచి ఇస్తోందో, విత్తనాలు తీసి ఇస్తోందో కళ్లకు కడుతుంది.

క్రమంగా డబ్బు కావాల్సిన వాళ్లు ఏం చెయ్యాలి

అదే పది వేలు మాస్టారు గ్రోత్ ఆప్షనులో (పంపిణీ లేకుండా లాభమంతా ఎన్ఏవీలోనే ఉండిపోయే రకం) ఉండి తీసుకుని ఉంటే ఎలా ఉండేదో కలిసి లెక్క వేశాం. 16.50 చొప్పున సుమారు 606 యూనిట్లు అమ్మాలి. యూనిట్‌కు 50 పైసల చొప్పున లాభం 303 రూపాయలు. ఏడాది లోపు అమ్మినా 20 శాతం చొప్పున పన్ను దాదాపు 61 రూపాయలు. 20 శాతం శ్లాబులో ఉన్నవారికి ఐడీసీడబ్ల్యూ మీద అదే పది వేలకు 2,000 రూపాయలు. రెండింటికీ సెస్సు అదనం. ఏడాది దాటాక అమ్మితే ఈక్విటీ ఫండు లాభంలో ఏడాదికి లక్షా పాతిక వేల వరకు పన్నే లేదు, ఆ పైన 12.5 శాతం. నెలనెలా ఇంత అని యూనిట్లు అమ్మి ఇచ్చే పద్ధతిని ఎస్‌డబ్ల్యూపీ అంటారు. ఇందులోనూ అసలు కరగవచ్చు. కానీ ఎంత తీయాలో, ఎప్పుడు ఆపాలో నిర్ణయించేది మీరే.

ఐడీసీడబ్ల్యూ నుంచి గ్రోత్‌కు మారడం కూడా అమ్మకం కిందికే వస్తుంది. ఎగ్జిట్ లోడు (ముందుగా బయటకు వస్తే ఫండు కోసే రుసుము) ఉందా, ఏడాది నిండిందా చూసుకుని మారాలి. మాస్టారు తన గళ్ల నోటుబుక్కులో ఏడాది నిండే తేదీ రాసి, దాని చుట్టూ ఎర్ర సిరాతో గీత గీశారు. పక్క పేజీలో నాలుగు నిలువు గడులు గీసి, పైన “ఈ ఏటి పంట, నిల్వ, విత్తనం, మొత్తం” అని రాసుకున్నారు. మొదటి వరసలో తన పది వేలను పంటలో 2,500, విత్తనంలో 7,500గా వేసి, లండన్‌లో ఉన్న కొడుక్కి ఫోను కలిపి, ఆ ట్రస్టు ఐదేళ్ల నివేదికలు పంపమన్నారు.